తోరణం మీద ఏం రాయాలి?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పది నిమిషాల్లో ముగిసిన మీటింగును నేనొక్కటీ చూడలేదు. కనుక కొంచెం అటూ ఇటూ అయితే మన్నించవలసిందిగా ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను చరిత్ర పండితుణ్ణి కాను. వాణిజ్య పన్నుల శాఖలో గుమాస్తాగా చేరి, చెక్‌పోస్టుల్లో ఎండకూ వానకూ కాపలా కాసి రిటైరైనవాణ్ణి. అయినా ఈవేళ చరిత్ర గురించే మాట్లాడదలిచాను. కారణం మీకు తెలిసిందే. శంషాబాద్ మెయిన్ రోడ్డు మీదనుంచి మన భవనానికి తిరిగే సందు మొగలో ఒక కమాను కట్టాలని మొన్న మన కార్యవర్గం తీర్మానించింది. దాని మీద వ్యవస్థాపక సభ్యుల పేర్లు, విరాళాలిచ్చిన దాతల పేర్లు చెక్కించాలనీ అనుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరి పేరు కింద ఉండాలి అన్న దగ్గర వచ్చింది చిక్కు. ఆ వాదన విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లోకంలో ఇలాంటి కమానులు ఎవరు కట్టారు, వాటి మీద ఏం రాశారు, చివరికి ఏం మిగిలింది అన్న ఆలోచనలో పడ్డాను. ఆ ఆలోచననే మీ ముందు పెడుతున్నాను.

కమానులనగానే ముందు చెప్పవలసింది రోము నగరం. 2018లో మా అమ్మాయి, అల్లుడు తీసుకువెళితే చూశాను. మన ఊరి విమానాశ్రయంలోనే ఎక్కాను. కొలోసియం అనే బ్రహ్మాండమైన ప్రదర్శనశాలకు కూతవేటు దూరంలో, పాత రాజవీధి మీద, ఒంటి ద్వారంతో ఒక పాలరాతి కమాను ఉంది. ఎత్తు 15 మీటర్లు. అది టైటస్ చక్రవర్తి పేరిట కట్టింది. ఆయన క్రీ.శ. 79 నుంచి 81 వరకు, రెండేళ్లు మాత్రమే ఏలాడు. ఆయన పోయాక తమ్ముడు డొమీషియన్ గద్దెనెక్కి, అన్న జ్ఞాపకార్థం దీన్ని నిలబెట్టాడు. రోము సెనేటు, ప్రజలు కలిసి దైవసమానుడైన టైటస్‌కు సమర్పించినట్టు పైన పెద్ద అక్షరాలతో చెక్కించారు.

ద్వారం లోపలికి వెళితే రెండు పక్కల గోడల మీదా శిల్పాలున్నాయి. ఒక వైపు టైటస్ నాలుగు గుర్రాల రథం మీద నిలబడి ఉంటాడు. విజయదేవత వెనక నుంచి ఆయన తలకు కిరీటం పెడుతూ ఉంటుంది. రెండో వైపు సైనికులు దోపిడీ సొమ్ము మోసుకుపోతూ ఉంటారు. క్రీ.శ. 70లో టైటస్ సేనాపతిగా ఉండి జెరూసలేం నగరాన్ని పట్టుకున్నాడు. అక్కడి యూదుల దేవాలయం తగలబడిపోయింది. ఆ గుడిలోని ఏడు కొమ్మల బంగారు దీపస్తంభం, వెండి బాకాలు సైనికుల భుజాల మీద కనిపిస్తాయి. మరుసటి ఏడు రోములో జరిగిన విజయోత్సవపు ఊరేగింపు అది. ఆ ఊరేగింపు చివర, యూదుల నాయకుల్లో ఒకడైన సైమన్‌ను ఉరేగింపులో తిప్పి తిప్పి చంపేశారని ఆ కాలపు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. రోములోని యూదులు తరతరాలుగా ఆ కమాను కింద నుంచి నడవకుండా తప్పుకుని పోయేవారని చెబుతారు. ఒకరి విజయస్తంభం ఇంకొకరి గుండెల్లో మేకు అన్నమాట.

ఇక్కడ ఒక ముచ్చట. అలా ఊరేగే విజేత వెనక ఒక మనిషి నిలబడి, నువ్వూ మనిషివేనయ్యా, మరిచిపోకు అని చెవిలో చెబుతుండేవాడని టెర్టులియన్ అనే పాత రచయిత అంటాడు. మనకూ రిటైరైన నాడు మెడ నిండా దండలు వేశారు, బాజాలతో జీపులో ఇంటి దాకా దించారు. గుమ్మంలో దిగీ దిగగానే మా ఆవిడ, దండలు తీసి ఆ మూల పెట్టి పాల పాకెట్ తెచ్చిపెట్టండి అంది. నాకైతే ఆ రోమను మనిషి చెప్పింది అప్పుడే వినబడింది.

మరి ఈ టైటస్ కేవలం కొల్లగొట్టినవాడేనా? కాదండి. అదే నన్ను ఆశ్చర్యపరచింది. ఆయన గద్దెనెక్కిన 79లోనే వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయీ, హెర్క్యులేనియం పట్టణాలు బూడిద కింద పడ్డాయి. అప్పుడు టైటస్ మాజీ కాన్సల్‌ల నుంచి చీటీ వేసి కొందరిని ఎంచి, సహాయపు పనులు చూడడానికి పంపాడు. వారసులు లేకుండా చనిపోయినవారి ఆస్తిపాస్తులను ఆ ఊళ్లను తిరిగి నిలబెట్టడానికే కేటాయించాడు. మరుసటి ఏడు రోములో అగ్నిప్రమాదం జరిగితే, తన భవనాల్లోని అలంకార సామగ్రిని కట్టడాల మరమ్మతుకు ఇచ్చేశాడు. ఎవరికీ ఏ మేలూ చేయకుండా ఒక దినం గడిచిపోయిందని ఒక రాత్రి భోజనాల దగ్గర బాధపడ్డాడని కూడా సూటోనియస్ అనే చరిత్రకారుడు రాశాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కమాను మీద ఒక్కటీ లేదు. కమాను మీద ఉన్నవల్లా రథం, కిరీటం, దోపిడీ. ఆయన చేసిన పనుల్లో ఏది చెక్కాలో ఎంచినవారు మంచిని వదిలి పెట్టి మెరుపును ఎంచుకున్నారు.

ఆ కమానుకు దగ్గరలోనే ఇంకొకటి ఉంది. కాన్‌స్టంటైన్ చక్రవర్తిది. 312లో ఒక అంతర్యుద్ధం గెలిచినందుకు 315లో కట్టారు. ఎత్తు 21 మీటర్లు, మూడు ద్వారాలు. చూడడానికి మహా ఘనంగా ఉంటుంది. కాని అందులో చాలా శిల్పాలు ఆయనవి కావు. అంతకు రెండు వందల ఏళ్ల కిందటి ట్రాజన్, హేడ్రియన్, ఆ తరువాతి మార్కస్ ఆరీలియస్ చక్రవర్తుల కట్టడాల నుంచి ఊడదీసి తెచ్చి అతికించినవి. పాత చక్రవర్తుల తలలను చెక్కి కొత్త తలలుగా మార్చారు. ఆఫీసరు బదిలీ కాగానే అదే బోర్డు మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాసే పెయింటరు మనందరికీ గుర్తున్నాడు కదా. చక్రవర్తుల గతి కూడా అంతే.

ఇదంతా ఎక్కడో రోము కథ, మనకెందుకు అనుకోకండి. టైటస్‌కు ప్లినీ అనే పండితుడు ఒక పెద్ద ప్రకృతి శాస్త్ర గ్రంథం అంకితమిచ్చాడు. వెసూవియస్ పేలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నవాడు ఆయనే. ఏటేటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్మును ఇండియా లాక్కుపోతున్నదని ఆ గ్రంథంలో వాపోయాడు. ఆ సొమ్ములో కొంత మన తీరానికీ వచ్చింది. ఆ శతాబ్దంలోనే ఒక గ్రీకు నావికుడు రాసిన ఓడ మార్గాల పుస్తకంలో మసాలియా అని మన కృష్ణా తీరం పేరుంది. అక్కడ సన్నని నూలు బట్ట విరివిగా నేస్తారని రాశాడు. రోమను నాణేలు నల్లగొండ జిల్లాలోనూ, గుంటూరు జిల్లాలోనూ తవ్వకాల్లో బయటపడ్డాయి. రోములో కమానులు లేస్తున్న రోజుల్లో మన నేతగాడి బట్ట అక్కడి బజారులో అమ్ముడుపోతున్నదన్నమాట. కనుక సముద్రం మీద వచ్చే వ్యాపారి మనకు కొత్తవాడు కాదు. ఈ సంగతి కొంచెం మనసులో పెట్టుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు మన తోరణాల దగ్గరికి వద్దాం. ఓరుగల్లు కోటలో స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉన్నాయి. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కాలపు నిర్మాణం. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజముద్రలో చార్మినారుతోపాటు పెట్టింది ఈ తోరణాన్నే. రోము వారి కమాను రాయి పక్కన రాయిని వంపుగా పేర్చి, నడిమి రాయితో బిగించినది. మనది నిలువు స్తంభాల మీద అడ్డదూలాలు మోపినది. ఇది కట్టుబడిలో తేడా. అసలు తేడా వేరే ఉంది.

నేను ఆ తోరణాలు నాలుగూ చుట్టి చూశాను. హంసలున్నాయి, మకరాలున్నాయి, తామర మొగ్గలున్నాయి, వేలాడే దండలున్నాయి. రాజు లేడు. రథం లేదు. బందీలు లేరు. అరవై మూడేళ్లు, 1199 నుంచి 1262 వరకు, ఏలిన చక్రవర్తి తన రూపం ఒక్క చోట కూడా అక్కడ చెక్కించుకోలేదు. మనం దాన్ని కీర్తి తోరణం అంటాం. కాని అది దేవుడి ఇంటి వాకిలి.

గణపతిదేవుడు యుద్ధాలు చేయలేదా అంటే, చేశాడు. తీరాంధ్రమంతా గెలిచాడు. రాజులు రాజులే, యుద్ధంలో పోయిన ప్రాణాలు ప్రాణాలే. కాని ఓడినవారిని ఏం చేశాడన్నది చూడాలి. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమను గెలిచాక, అక్కడి పాలకుడైన పినచోడి కుమార్తెలు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వారి తమ్ముడు జాయపను చేరదీశాడు. ఆ జాయపే పెరిగి పెద్దవాడై గజసైన్యానికి అధిపతి అయ్యాడు. 1253 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. రోములో ఓడిన నాయకుణ్ణి ఊరేగించి చంపారు. ఇక్కడ ఓడినవాడి కొడుకు చేతికి ఏనుగుల దళం అప్పగించారు. ఈ సంగతీ తోరణం మీద లేదు. కాని జాయప గ్రంథం ఈనాటికీ ఉంది.

1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. కాకతీయ వంశం అంతరించింది. స్వయంభూ ఆలయం నేలమట్టమైంది. తోరణాలు మాత్రం నిలిచాయి. గెలిచినవారు అక్కడ మసీదు కట్టుకుని, ఆ తోరణాలనే దానికి వాకిళ్లుగా ఉంచుకున్నారని పరిశోధకులు ఫిలిప్ వాగనర్ వంటివారు చెబుతున్నారు. అంతేకాదు, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు కట్టినప్పుడు, చార్మినారుకు ఎగువన నాలుగు దిక్కులా చార్ కమాన్ పేరిట నాలుగు కమానులు లేపాడు కదా, ఆ ఆలోచనకు మూలం ఓరుగల్లు తోరణాలేనని వాగనర్, రిచర్డ్ ఈటన్ కలిసి 2014లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చుట్టూ ఒకసారి చూడండి, మీకే తోస్తుంది. ఒకరి పేరు, ఒకరి బొమ్మ లేని ద్వారం కనుకనే అది ఎవరికైనా పనికివచ్చింది అని నాకనిపిస్తుంది.

ఇక అసలు విషయం. గణపతిదేవుడికి నిజమైన విజయస్తంభం ఎక్కడుందీ అని నన్నడిగితే, ఓరుగల్లులో కాదంటాను. చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున మోటుపల్లి అనే పల్లె ఉంది. కాకతీయుల నాడు అది గొప్ప రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక రాతి స్తంభం మీద శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 నాటి శాసనం ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు.

అందులో ఏముందో నా మాటల్లో చెబుతాను. ఒక దేశం నుంచి మరో దేశానికి పోయే ఓడలు తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసించి వచ్చిన ఆ వర్తకులకు, తాను దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా విడిచిపెడుతున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. ఆపైన గంధపు చెక్కకు ఎంత, కర్పూరానికి ఎంత, ముత్యాలకు, దంతానికి, పట్టుకు, మిరియాలకు ఎంత అని సరుకు వారీగా పట్టిక ఉంది. నావంటి పన్నుల శాఖ వాడికి ఆ పట్టిక చదువుతుంటే ఒళ్లు పులకరించింది. ఎంత తీసుకోవాలో రాతి మీద రాసి, బజారులో నిలబెట్టాక, దానికి మించి అడగడానికి ఏ అధికారికి నోరు వస్తుంది? 1358లో కొండవీటి రాజ్యాన్నేలిన అనవోతారెడ్డి అదే రేవులో అలాంటి అభయాన్నే మళ్లీ ప్రకటించాడు. వంశం పోయినా మాట నిలబడింది.

దయచేసి ఒక మాట గమనించండి. కీర్తి కోసం అని ఆ రాజు తానే చెప్పుకున్నాడు. పేరు మీద ఆశ లేనివాడేమీ కాదు. అయితే ఆ కీర్తిని ఎక్కడ వెతుక్కున్నాడు? ఓడ పగిలినవాడి సరుకు ముట్టుకోకపోవడంలో వెతుక్కున్నాడు.

ఇది నాకెందుకింత పట్టిందంటే, ఒక పాత బాకీ ఉంది. నేను సర్వీసులో ఉండగా, ఒక తెల్లవారుజామున హైవే మీద బత్తాయిల లారీ బోల్తాపడింది. మేము పోయేసరికి డ్రైవరు తలకు కట్టు కట్టుకుని రోడ్డు పక్క కూర్చుని ఉన్నాడు. చుట్టుపక్కల జనం సంచులూ బుట్టలూ తెచ్చుకుని పళ్లు ఏరుకుపోతున్నారు. ఎవరూ దొంగలు కారు. అందరూ పిల్లలు గలవాళ్లే. కింద పడ్డదేగా అన్నారు. మా వాళ్లలో ఒకతను ఒక సంచి నింపి జీపులో పెట్టాడు. నేను వద్దనలేదు. ఆ సాయంత్రం ఆ పళ్లు మా ఇంట్లోనూ ఒలిచారు. ఆ డ్రైవరు ముఖం మాత్రం ఇప్పటికీ మరపురాదు. మా వైపు చూశాడు. ఆపుతారేమోనని చూశాడు. ఒంటి మీద యూనిఫాం ఉన్నవాడి నుంచి, చేతిలో రసీదు పుస్తకం ఉన్నవాడి నుంచి, పడిపోయినవాడు కోరుకునేది ఆ ఒక్కటే. ఏళ్ల తరువాత మోటుపల్లి శాసనం చదివినప్పుడు, ఏడు వందల ఏళ్లు దాటినా ఆ రాజు నన్ను నిలదీసినట్టనిపించింది.

మిత్రులారా, మనమంతా ఇప్పుడు అవతలి పక్కకు వచ్చినవాళ్లం. నిన్నటి వరకు కుర్చీలో కూర్చుని సంతకం పెట్టాం. నేడు కాగితం పట్టుకుని కిటికీ ముందు నిలబడుతున్నాం. మనం ప్రతి ఏడూ డిసెంబరు 17న ఈ సభ ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయదలచి ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది గనుక. అదీ ఒక అభయ శాసనమే. ఒడ్డుకు చేరిన ఓడ సరుకు ఓడ యజమానిదే అన్న మాటే అది.

అయితే తీర్పు ఉన్నంత మాత్రాన అందరికీ అందుతున్నదా? మనలో ఒకరు పోయాక వారి ఇంటి ఇల్లాలు కుటుంబ పింఛను కోసం ఎన్నిసార్లు తిరుగుతున్నదో ఇక్కడున్న సోదరీమణులకు తెలుసు. మరణ ధ్రువపత్రంలో పేరు ఒక తీరుగా, సర్వీసు రిజిస్టరులో ఇంకో తీరుగా ఉంటుంది. బ్యాంకు ఖాతా భర్త పేరునే ఉంటుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం యంత్రం మీద వేలు పెడితే వేలిముద్ర పడదు. ఓడ పగిలి ఒడ్డుకు వచ్చినవాళ్లంటే వీళ్లే.

అందుచేత నా విన్నపం ఇది. కమాను కట్టండి. నేను కాదనను, నా చందా నేనిస్తాను. కాని పేర్ల వరస గొడవ మనకొద్దు. పేర్లన్నీ లోపల రిజిస్టరులో ఉన్నాయి, ఉంటాయి. కమాను మీద ఒక్క వాక్యం చెక్కిద్దాం. ఈ ద్వారం లోపలికి వచ్చిన ఏ పింఛనుదారూ, ఏ పింఛనుదారు భార్యా, కాగితం పని పూర్తి కాకుండా వట్టి చేతులతో తిరిగి వెళ్లరు అని రాయిద్దాం. కింద, ఏ రోజు, ఏ వేళ, మనలో ఎవరు కూర్చుంటారో పట్టిక పెడదాం. రుసుము ఏమీ లేదని కూడా రాద్దాం. గణపతిదేవుడు ముప్పయ్యో వంతు తీసుకున్నాడు. మనం అదీ తీసుకోవద్దు.

రాసినందువల్ల ఒక ఇబ్బంది ఉంది. చేసి తీరాలి. పేర్లు చెక్కిస్తే ఆ ఇబ్బంది లేదు, అదే దాని సుఖం. వారంలో ఒక మంగళవారం, ఒక శుక్రవారం ఎవరో ఒకరు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటి మూడు నెలల మంగళవారాలు నావి. సంతకం పెట్టిస్తే ఇప్పుడే పెడతాను. ఎప్పుడో తిన్న బత్తాయిల బాకీ కొంతైనా తీరుతుంది.

మన భవనం మీదుగా విమానాలు దిగుతుంటాయి. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన ఊరే ఇప్పటి మోటుపల్లి. ఎక్కడెక్కడి వారో ఇక్కడ దిగి ఆ రోడ్డునే పోతారు. వారికి మన కమాను కనబడకపోవచ్చు. కనబడవలసినవారికి కనబడితే చాలు.